కుడికి లాగే చైను

వీధి చివర, ఇంటికి ఆనించి వేసిన రేకుల షెడ్డులో ఆకురాయి చప్పుడు వినిపిస్తోందంటే రంపాలాయన పనిలో ఉన్నాడని అర్థం. ఆయనకు వేరే పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేక అది మరుగున పడింది. చెట్లు కొట్టే ముఠావాళ్లు సాయంత్రం పని దిగి వెళ్తూ మోటారు రంపాల చైన్లు ఊడదీసి, షెడ్డు గుమ్మం దగ్గర డబ్బాలో పడేసి పోతారు. పొద్దున వాళ్లు వచ్చేసరికి అవి పదును పట్టి, నూనె పూసుకుని, మేకులకు వరసగా వేలాడుతుంటాయి.

ఒకప్పుడు ఆయనా చెట్లెక్కినవాడే. అంత ఎత్తుకు పోయేవాడు ముఠాలో ఇంకొకడు లేడని చెప్పుకునేవాళ్లు. ఒకరోజు తాడు జారింది. కింద ఆ తాడు పట్టుకున్నది ఇప్పటి మేస్త్రి. ఎముకలైతే అతుక్కున్నాయి గానీ కుడి భుజం మాత్రం మునుపటిలా మాట వినడం మానేసింది. అప్పటినుంచీ ఆయన చెట్టు పని జరిగే చోటికి పోలేదు. ఏదైనా వీధిలో రంపం మోత వినిపిస్తే చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఆ పనికీ ఆయనకూ మిగిలిన బంధమల్లా ఈ చైన్లే.

పదును పెట్టడం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. చైను పళ్లలో ఒకటి కుడికి తిరిగి ఉంటే తర్వాతది ఎడమకు తిరిగి ఉంటుంది. ముందు ఒక వరస రాయాలి, ఆ తర్వాత అటు తిరిగి నిలబడి రెండో వరస రాయాలి. గుండ్రటి ఆకురాయిని ముందుకే తొయ్యాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పంటికి తగలనివ్వకూడదు. మొద్దుబారిన పంటి అంచు వెలుతురులో సన్నగా, తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా రాయాలి. చివరికి ఆయన పంటిని బొటనవేలి గోరుకు ఆనించి చూస్తాడు. గోటిని పట్టుకుంటే సరే, జారితే మళ్లీ మొదటికే.

"మీ పళ్లు తోముకోడానికి ఇంతసేపు పట్టదు, వీటికి పడుతుంది" అనేది భార్య.

"నా పళ్లు తింటాయి. ఇవి తిండి పెడతాయి" అనేవాడు ఆయన, తల ఎత్తకుండా.

ఈ ఏడాది పెద్దకూతురు ముఠాలో చేరింది, అదీ చెట్లెక్కే పనికి. ఆయన వద్దన్నాడు, అరిచాడు, కొన్నాళ్లు ముఖం చాటేశాడు. ఆ పిల్ల దేనికీ లొంగలేదు.

"నువ్వెక్కావు కదా నాన్నా."

"పడ్డాను కూడా."

"అయితే నేను పడకుండా చూసుకో."

 ఆరోజు నుంచి ఆమె చైనును అన్నిటికన్నా ముందు, కళ్లలో వత్తులు వేసుకుని రాసేవాడు.

అలాంటిది ఒక మధ్యాహ్నం కూతురు పని మధ్యలోనే ఇంటికి వచ్చింది. చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది, చెంప మీద ఎర్రగా గీరుకుపోయిన గీత ఉంది. తల్లి వేడినీళ్ల కోసం లోపలికి పరిగెత్తింది. కూతురు నేరుగా షెడ్డులోకి పోయి, చేతిలో ఉన్న కొమ్మ బిళ్లను బల్ల మీద పెట్టింది.

"చూడు నాన్నా. నేను తిన్నగానే పెట్టాను. రంపం సగం దిగాక కుడికి తిరిగిపోయింది. అటు పడాల్సిన కొమ్మ నా మీదికి ఊగింది."

కోసిన ముఖం చదునుగా లేదు. పళ్లెంలా లోపలికి ఒంగి ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెయ్యి అదిరుంటుంది" అన్నాడు.

"అదరలేదు."

"కొత్త కదా. అదిరినా తెలీదు."

ఆమె తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, ఇంట్లోకి వెళ్లిపోయింది. బిళ్ల బల్ల మీదే ఉండిపోయింది. ఆయన దానికి వీపు తిప్పి పనిలో పడ్డాడు గానీ ఆకురాయి ముందుకు సాగలేదు.

సాయంత్రం మేస్త్రి చూడ్డానికి వచ్చాడు.

"అమ్మాయికెలా ఉందన్నా?"

"గీరుకుంది, అంతే" అన్నాడు రంపాలాయన.

కూతురు గుమ్మంలో నిలబడి అడిగింది. "బాబాయ్, నా చెయ్యి అదిరిందంటున్నాడు నాన్న. మీకెవరికీ ఎప్పుడూ అదరలేదా?"

మేస్త్రి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"తప్పు మాదేనన్నా. ఇన్నాళ్లూ సన్న కొమ్మలే ఇచ్చాం, ఇవాళ లావు కొమ్మ ఇస్తూ అమ్మాయికి చెప్పడం మర్చిపోయాం."

"ఏం చెప్పడం?"

"మణికట్టు కాస్త ఎడమకి వంచి పట్టుకోవాలని." మేస్త్రి గొంతు తగ్గింది. "నువ్వు రాసిన చైను కుడికి లాగుద్దన్నా. నువ్వు మంచం దిగినప్పట్నుంచీ అంతే. మాకు అలవాటైపోయింది. ఓసారి అంగట్లో కొత్త చైను కొని బిగిస్తే అందరం ఎడమకి వంకరగా కోసి, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నాం."

"నవ్వుకున్నారు."

"నిన్ను చూసి కాదన్నా."

"ఇన్నాళ్లూ మీ నోళ్లేమయ్యాయి?"

"ఆ రోజు తాడు వదిలింది నేను" అన్నాడు మేస్త్రి. "ఏ నోటితో నీ పనికి వంక పెట్టమంటావు?"

 రంపాలాయన గూట్లోంచి దుమ్ము పట్టిన కాలిపర్ తీసి చైన్ల పళ్లు కొలవడం మొదలుపెట్టాడు. తన చెయ్యే కొలత అన్న ధీమాతో దాన్ని పక్కన పడేసి ఏళ్లు గడిచాయి. ఎడమ వరస పళ్లు అరిగి పొట్టిగా ఉన్నాయి, కుడి వరసవి పొడుగ్గా ఉన్నాయి. కుడి వరసకు తిరిగేసరికి భుజం పట్టేసేది. మెరుపు పోతే చాలని అక్కడితో ఆపేసేవాడు. పదును రెండు వరసలకూ ఉంది, పొడవే సమంగా లేదు. పొడుగు పళ్లున్న వైపుకు రంపం లాగుతుందని ఈ ముఠాకు నేర్పింది ఆయనే.

రేపు ఆస్పత్రి గోడ పక్క చెట్టు కొట్టాలి. ఎక్కేది కూతురే.

ఆయన కుడి వరసకు తిరిగి ఆకురాయి ఆనించాడు. పళ్లు బిగించి నెట్టాడు. భుజం సగంలో ఆగిపోయింది. మళ్లీ నెట్టాడు, మళ్లీ అక్కడే ఆగింది. ఆయన భుజానికి కాపడం పెడదామని వేడినీళ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య, ఆయన ముఖం చూసి చూపు తిప్పుకుంది.

"అమ్మలూ, ఇలా రా" అన్నాడు. "ఈ వరస నువ్వు రాయి."

"నాకు రాదుగా నాన్నా."

"నాకు వచ్చు గానీ చేత కాదు. నువ్వు నెట్టు, నేను చెబుతా."

ఆమె రాసింది. ఆయన కళ్లు మూసుకుని చప్పుడు విన్నాడు. "నొక్కకు, తొయ్యి చాలు" అన్నాడు. "ఎత్తు. వెనక్కొచ్చేటప్పుడు ఎత్తు" అన్నాడు. అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో చూసి, మిగతావన్నీ దాని దాకా దించారు. మేస్త్రి చైన్లు అందిస్తూ కూర్చున్నాడు. చివరి చైను మేకుకు తగిలించాక తేలిగ్గా లేచాడు.

"పోన్లే అన్నా, రేపట్నుంచి తిన్నగా పోతాయి."

"ఆగు. రంపం పట్టుకున్నట్టు చెయ్యి పెట్టు."

మేస్త్రి గాలిలో చెయ్యి పెట్టాడు. తనకు తెలియకుండానే మణికట్టు ఎడమకి ఒంగింది. ఇద్దరూ ఆ చేతి వంక చూశారు. వంకర చైను ఒక్క కొత్త పిల్లకే ప్రమాదమైంది. తిన్నగా పోయే చైను మిగతా అందరికీ ప్రమాదం.

"పొద్దున వాళ్లకి చెప్తాలే అన్నా."

"ఇన్నాళ్లూ నాకు చెప్పినట్టేనా?" అన్నాడు రంపాలాయన. ఆకురాయి తుడిచి గూట్లో పెట్టి, "నేనే వస్తా" అన్నాడు.

పొద్దున ఆస్పత్రి వీధి మలుపులో ఆయన ఒకసారి ఆగి, మళ్లీ నడిచాడు. చెట్టు ఆకాశంలో సగం ఆక్రమించి నిలబడి ఉంది. ఆయన తల ఎత్తలేదు. ముఠావాళ్లు ఆయన్ని చూసి బీడీలు పారేసి నిలబడ్డారు.

"నేను వంకరగా రాస్తూ వచ్చాను. మీరు సర్దుకుంటూ వచ్చారు" అన్నాడు.  "ఇవాళ చైన్లు సరిగా ఉన్నాయి. మా అమ్మాయి రాసింది. మీ చేతులే ఇప్పుడు సరిగా లేవు. ఒక్కొక్కరూ ఆ దుంగ కొయ్యండి. సరిపోతేనే చెట్టు ముట్టుకునేది."

ముందు మేస్త్రి కోశాడు. కోత ఎడమకి పోయింది. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

"నవ్వినవాడు ముందుకు రావాలి" అన్నాడు రంపాలాయన. వాడిదీ ఎడమకే పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కూతురుది మాత్రం తిన్నగా పోయింది. ఆయన ఆ కోత మీద అరచెయ్యి రాసి చూసి, పక్కకు జరిగాడు. తర్వాతవాడు వచ్చాడు.

"మళ్లీ" అన్నాడు.

"ఎండ ఎక్కుతోందన్నా" అన్నాడు మేస్త్రి.

"ఎక్కనీ. మణికట్టు చూసుకో. మళ్లీ."