ఇరవై నాలుగు గీతలు, ఎనిమిది కుర్చీలు

లాభశంకర్ జోషికి ఖాళీ కుర్చీలతో మాట్లాడే అలవాటుంది. ఇంట్లో కాదు, డ్యూటీలో. మోర్బీలో టైల్సు ఫ్యాక్టరీ ఉన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. మిగతా బ్యాంకు ఆఫీసర్లు వస్తున్నారంటే వాళ్లు లెక్కల పుస్తకాలు సర్దుకుంటారు. జోషీ సాహెబ్ వస్తున్నాడంటే మాత్రం గోడ మీద పోయినవాళ్ల ఫొటోలు దించి, దుమ్ము తుడిచి, దండలు మారుస్తారు.

కంపెనీకి అప్పెంత, సొంత డబ్బెంత అని చూసి, లోను ఇవ్వొచ్చో లేదో రాయడం ఆయన పని. సొంత డబ్బు రూపాయి ఉంటే అప్పు రెండు రూపాయలు దాటకూడదని బ్యాంకు రూలు. లోకంలో ఎవరైనా ఈ లెక్క కాగితం మీద చేస్తారు. జోషీ సాహెబ్ నేల మీద చేస్తాడు. ఫ్యాక్టరీలో అడుగు పెట్టగానే పిడికెడు తెల్లమట్టి అడుగుతాడు. అప్పు ఒక్కో కోటికి నేల మీద ఒక్కో గీత గీస్తాడు. సొంత డబ్బు ఒక్కో కోటికి ఒక్కో కుర్చీ వేయిస్తాడు. సరిపోకపోతే పక్క ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తాడు. తర్వాత ఒక్కో కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, అది ఎవరి డబ్బో ఆ మనిషిని పేరు పెట్టి పలకరిస్తాడు. ఆ మనిషి ఊళ్లో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, అసలు లోకంలోనే లేకపోయినా ఆయనకు ఒకటే.

భావ్‌నగర్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కిన్నరి వసావడాని ఆయన కింద వేశారు. ఆ అమ్మాయి మొదటి వారంలోనే ఈ తంతు కళ్లారా చూసింది. ఒక ఫ్యాక్టరీలో మూడో కుర్చీ ముందు ఆయన ఆగాడు.

"రతిలాల్ భాయ్, బాగున్నారా? ఈ కోటి మీరు మీ చేత్తో ఇచ్చిందేనా?"

రతిలాల్ భాయ్ పోయి ఆరేళ్లయింది. కుర్చీ పలకలేదు. ఆయన కదల్లేదు. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. బట్టీ గుయ్యిమంటోంది. ఎక్కడి నుంచో గాలి వచ్చి కుర్చీ కాలు కిర్రుమంది.

"ఓహో, అలాగా," అని ఆయన తల ఊపి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఓనరు మొహం పాలిపోయింది. "మా బాపూజీ ఏమన్నారు సాహెబ్?"

"అది మా ఇద్దరి మధ్య మాట."

"బావమరిది దగ్గర వడ్డీకి తెచ్చానని చెప్పేశారా?"

"ఆయన చెప్పలేదు. ఇప్పుడు మీరు చెప్పారు," అంటూ జోషీ సాహెబ్ ఆ కుర్చీ తీయించి, అదే చోట మట్టితో గీత గీశాడు.

తిరిగి వస్తూ కిన్నరి ధైర్యం చేసి, ఈ గీతలేమిటి, కుర్చీలేమిటి అని అడిగింది. "అప్పంటే గుమ్మం బయట నిలబడి అడిగేది. సొంత డబ్బంటే లోపల కూర్చుని, మునిగితే మనతోపాటు మునిగేది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి బేటా," అన్నాడాయన. అది విన్నాక కిన్నరికి లెక్క అర్థమైంది గానీ భయం మాత్రం పోలేదు.

జీవీ టైల్స్ ఫైలు వచ్చింది జనవరి మొదట్లో. ఓనరు ధన్‌సుఖ్ కాలరియా. అప్పు ఇరవై నాలుగు కోట్లు, సొంత డబ్బు ఎనిమిది కోట్లు. అంటే ఒక్కో కుర్చీకి మూడేసి గీతలు. నెలాఖరులోపు లోను కొనసాగించకపోతే గ్యాస్ కంపెనీకి కట్టాల్సిన డిపాజిట్ ఆగిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది, పదహారేళ్లుగా ఒక్క పూట ఆరని బట్టీ ఆరిపోతుంది. ఆరిన బట్టీని మళ్లీ వెలిగించాలంటే కొత్తది కట్టినంత పని. మూడు వందల మంది ఇంటి దారి పట్టాలి.

ఫైల్లో కిన్నరికి ఒక విచిత్రం కనిపించింది. ఇరవై నాలుగు కోట్ల అప్పులో నాలుగు కోట్లు జీవీబా, అంటే జీవీ అమ్మ, అనే ఒకే ఒక మనిషివి. గాజులమ్మి ఇచ్చిన డబ్బుతో మొదలై, రోడ్డులో పోయిన పొలం పరిహారం కలిసి, ముప్పై ఏళ్లుగా తీయని వడ్డీతో అంత అయింది. ఆవిడ గనక ఆ డబ్బు తిరిగి అడగనని దాన్ని వాటాగా మార్చుకుంటే అప్పు ఇరవైకి దిగుతుంది, సొంతం పన్నెండుకి ఎక్కుతుంది, రూలులోపే తేలుతుంది. ఇంత సులువా అనుకుంటూ కిన్నరి ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. లెక్కలు రాసే మెహతాజీ ఎత్తాడు.

"జీవీబా ఎక్కడుంటారండీ? ఒక సంతకం కావాలి."

"బా సంతకం పెట్టదు బెన్, వేలిముద్రే. చిమ్నీ దగ్గరుంటుంది."

"చిమ్నీ దగ్గర ఇల్లుందా?"

"ఇల్లెందుకు? పోయి పదకొండేళ్లయిందిగా!"

"మరి ఈ దీపావళికి వేసిన ముద్ర?"

"అదీ బా వేసిందే," అన్నాడు మెహతాజీ. ఆవిడ వంటింట్లో ఉంది, పిలవమంటారా అన్నంత మామూలుగా ఉంది ఆయన గొంతు.

వివరం చెప్పించుకునేసరికి అరగంట పట్టింది. దీపావళికి కొత్త చోప్డా, అంటే కొత్త లెక్కల పుస్తకం, పూజ చేస్తారు. చేసి, పాత చిమ్నీ గూట్లో జీవీబా ఫొటో ముందు పెడతారు. దాని కింద, కంపెనీలో నా డబ్బు ఇంత ఉన్నది నిజం అనే కాగితం కూడా పెడతారు. ఐదు రోజులు ఆఫీసు తలుపు తీయరు, గూటి వైపు ఎవరూ వెళ్లరు. లాభపంచమి నాడు పుస్తకం ఎత్తితే కాగితం మీద ముద్ర ఉంటుంది. పదకొండేళ్లుగా ఉంటోంది.

"కాపలా కాసి చూడలేదా ఎవరూ?"

"ఎవరికుంది బెన్ అంత గుండె? ఒక ఏడు ముద్ర కొంచెం వంకరగా పడింది. బాకి ఇష్టం లేదని ధన్‌సుఖ్ భాయ్ కొత్త మిషను కొనడం మానేశాడు."

ఆ మధ్యాహ్నం కిన్నరి కాగితాలన్నీ వరసగా పరిచి భూతద్దం పట్టుకుంది. బతికున్నప్పటి ముద్రలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. పోయిన తర్వాతి పదకొండు ముద్రల్లోనూ వేలికి అడ్డంగా ఒక ఏటవాలు గాటుంది.

"సార్," అంది, "చనిపోయాక వేలు తెగిందా ఈవిడకి?"

జోషీ సాహెబ్ ఆ గాటును చాలాసేపు చూశాడు. అద్దం పక్కన పెట్టాడు. "ఈవిణ్ణి పిలవాలి. నెలాఖరు మంగళవారం, పదకొండింటికి."

"అప్పటిదాకా ఎందుకు సార్? రేపే వెళ్దాం."

"పెద్దావిడ. తయారవడానికి టైము పడుతుంది," అన్నాడు.

కిన్నరి ఆ రోజే లోను ఇవ్వకూడదని నివేదిక రాసేసి, డ్రాయరులో పెట్టి తాళం వేసుకుంది. దయ్యం పూచీ మీద బ్యాంకు డబ్బు ఇవ్వరు కదా.

జీవీబాని పిలుస్తారని కబురు తెలిసి మర్నాడు ధన్‌సుఖ్ బ్యాంకుకు పరుగెత్తుకొచ్చాడు. "ముద్ర నేను వేయడం లేదు సాహెబ్, మా పిల్లల మీద ఒట్టు. మెహతాజీ వేస్తున్నాడనుకున్నా."

"నేను మీరనుకున్నా," అన్నాడు వెనక నిలబడ్డ మెహతాజీ. ఒక క్షణం ఆగి, "లేదు లేదు, బానే అనుకున్నా," అని చెంపలు వేసుకున్నాడు.

"పోయినావిడ ఖాతా వారసుల పేరు మీదికి మార్చొచ్చుగా?" అంది కిన్నరి.

ధన్‌సుఖ్ తల దించుకున్నాడు. వారసులు ఇద్దరు. జీవీబా పెద్ద కొడుకు పోయాడు కాబట్టి ఆయన కొడుకుగా తనొకడు, ఆవిడ చిన్న కొడుకు దేవ్‌షీ కాకా, అంటే బాబాయి, ఒకడు. ఇంటి కప్పు పెంకుల పని ఆపి అప్పులు తెచ్చి టైల్సు బట్టీ కట్టడం కాకాకి ఇష్టం లేదు. అన్నతో పోట్లాడి, ఈ షెడ్డు గడప తొక్కితే నేను జీవీబా కొడుకునే కాదు అని ఒట్టేసి పోయాడు. వాంకానేర్‌లో చిన్న పెంకుల కొట్టు పెట్టుకున్నాడు. పదిహేడేళ్లుగా మాటల్లేవు.

"ఖాతా మూస్తే సగం ఆయనది. రెండు కోట్లు పట్టుకుపోతాడు, నేను మునుగుతాను. అందుకే బాని పుస్తకంలో బతికించుకుంటున్నా. తప్పే."

జోషీ సాహెబ్ పుస్తకం తీశాడు. వాంకానేర్‌లో కొట్టు ఏ వీధిలో అని మాత్రం అడిగాడు.

మంగళవారం వచ్చింది. గీతలు గీయడానికి షెడ్డులో చక్కటి గచ్చు ఉన్నా, జోషీ సాహెబ్ అందరినీ బయట పాత చిమ్నీ పక్కకి నడిపించాడు. చలి గాలి. ఎండ ఉంది గానీ తెల్లమట్టి దుమ్ములోంచి పాలిపోయి దిగుతోంది. పనివాళ్లు కనుబొమల దాకా తెల్లబడి, షెడ్డు అంచున గుంపుగా నిలబడ్డారు. ఎవరి మొహం ఎవరిదో తెలియడం లేదు. ఇరవై నాలుగు గీతలు, ఎనిమిది కుర్చీలు. చివరి నాలుగు గీతల మధ్య ఆయన ఇంకో కుర్చీ వేయించి, దాని ముందు వేడి టీ పెట్టించాడు.

"జీవీబా," అని పిలిచాడు. చిమ్నీ బోలు కడుపులోంచి ఆ పేరు ఒకసారి తిరిగి వచ్చింది. "మీ నాలుగు కోట్లూ ఇక్కడ నిలబడి ఉన్నాయి. వీళ్ల దగ్గర అడుక్కునే వాళ్లలో ఉంటారా, వీళ్లతో కూర్చునే వాళ్లలో ఉంటారా?"

టీ మీద ఆవిరి సన్నగా లేచి, ఉన్నట్టుండి పక్కకి వంగింది. కుర్చీ మీద దుమ్ము రాలుతోంది. రెండోసారి పిలిచాడు. కిన్నరి గడియారం చూసుకుంది, పదకొండుంబావు. ఇక నివేదిక ఇచ్చేయడమే అనుకుంది.

మూడోసారి పిలిచినప్పుడు చిమ్నీ వెనక పెంకు ముక్కలు కరకరలాడాయి. ఒక్కో అడుగూ ఆగి ఆగి పడుతోంది. చిమ్నీ చాటు నుంచి నిలువెల్లా తెల్లగా ఒక ఆకారం బయటికి వచ్చింది.

మెహతాజీ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

"లే, అది ధన్‌సుఖ్ భాయ్ కోటి," అన్నాడు జోషీ సాహెబ్ అటు తిరగకుండానే.

ఆ ఆకారం తలపాగా విప్పి దులిపింది. తెల్ల ధోవతి, తెల్ల మీసాలు, డెబ్బై ఏళ్ల మనిషి. ధన్‌సుఖ్ నోట్లోంచి "కాకా" అన్న మాట సగమే వచ్చింది.

"ఏమయ్యా బామన్ పంతులూ!" అని అరిచాడు దేవ్‌షీ కాకా. "మా బాని పట్టుకుని అడుక్కుంటావా అంటావా? ఆవిడ ఇచ్చిందే గానీ ఏనాడైనా చెయ్యి చాపిందా?" గబగబా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. "ఇదిగో, కూర్చుంది. రాసుకో."

జోషీ సాహెబ్ వాటా కాగితం ఆయన ఒళ్లో పెట్టాడు. కాకా అలవాటు కొద్దీ బొటనవేలు చాపాడు. పెంకులు కోసే మిషను ఎప్పుడో చేసిన ఏటవాలు గాటు ఆ వేలి మీద కనిపించింది.

"ఈసారి మీ పేరుతో పెట్టండి," అన్నాడు జోషీ సాహెబ్ మెల్లగా.

"సంతకం వచ్చు నాకు. ఏడో తరగతి చదివా," అని కాకా కలం లాక్కున్నాడు.

"కాకా, ముద్రలు మీరా?" ధన్‌సుఖ్ ఆ వేలినే చూస్తున్నాడు. "మీకు మా మీద కోపం కదా!"

"మీ నాన్న మీద కోపం. బట్టీ మీద నాకేం కోపం? ముద్ర పడకపోతే ఖాతా మూస్తారు. ఖాతా మూస్తే నా వాటా నేను తీసుకోవాలి. తీసుకుంటే మా బా కట్టిన పొయ్యి ఆరుతుంది. చిమ్నీ షెడ్డు బయటే ఉంది కాబట్టి ఒట్టు కూడా తప్పలేదు."

జోషీ సాహెబ్ కుర్చీలను బయట ఎందుకు వేయించాడో కిన్నరికి అప్పుడు తెలిసింది. ధన్‌సుఖ్ కాళ్ల మీద పడబోతే కాకా ఒక్క కసురు కసిరాడు. "లే, లే. నీ టైళ్లు అంచుల దగ్గర వంగుతున్నాయిరా, వాంకానేర్ అంతా నవ్వుతోంది. రెండు పట్రా ఇక్కడికి. కాగితం మీద స్టాంపు పడి ఇది నా షెడ్డు కూడా అయ్యేదాకా నేను లోపలికి రాను."

జోషీ సాహెబ్ నాలుగు గీతల్నీ చెప్పుతో చెరిపేసి, ఇంకో మూడు కుర్చీలు వేయించాడు. రెండింట్లో కాకా పేరు, రెండింట్లో ధన్‌సుఖ్ పేరు. ఇరవై గీతలు, పన్నెండు కుర్చీలు. కుర్చీకి రెండు గీతలు కూడా పడటం లేదు. పాత ముద్రల కాగితాల కట్ట ధన్‌సుఖ్ చేతిలో పెట్టి, "వీటి మీద బ్యాంకు ఒక్క పైసా ఇవ్వలేదు. ఇక ముందు ఇలాంటివి పెడితే మాత్రం ఊరుకోను," అన్నాడు.

కాకా టైలుని ఎండకి అడ్డంగా పట్టి చూస్తూ కిన్నరిని పిలిచాడు. "మీ సాహెబ్‌కి ఏమైనా ఉందా అమ్మా తలలో? నాలుగు ఆదివారాలు స్కూటరు మీద మా కొట్టుకి వచ్చాడు. ప్రతిసారీ ఒక్క పెంకు కొన్నాడు. డబ్బిస్తూ నా వేలి వైపు చూసేవాడు. వెళ్తూ వెళ్తూ, మంగళవారం మీ అమ్మగారిని పిలుస్తున్నానండీ అని చెప్పి పోయేవాడు. మీరు రండి అని ఒక్కసారి కూడా అనలేదు."

తిరుగు దారిలో జీపులో కిన్నరి జరిగిందంతా ఒకసారి నెమరేసుకుంది. ఇన్నేళ్లుగా ఈ పెద్దమనిషి దయ్యాల్ని పిలుస్తున్నాడని ఊరంతా హడలిపోతోంది. ఆయన పిలుస్తున్నది బతికున్నవాళ్లని. ఆ అమ్మాయికి నవ్వూ వచ్చింది, ఆయన మీద ప్రేమా పుట్టుకొచ్చింది.

"సార్, ఒక్క మాట. కుర్చీల్లోంచి మీకు నిజంగా ఏమైనా వినిపిస్తుందా?"

"అయ్యో రామా! వినిపిస్తే ఉద్యోగం ఎప్పుడో మానేసేవాణ్ణి," అన్నాడాయన ఉలిక్కిపడి. "నాకు దయ్యాలంటే చచ్చేంత భయం. అక్కడ నిలబడ్డంతసేపూ లోపల హనుమంతుణ్ణి తలుచుకుంటూనే ఉంటా. ఇందాక చిమ్నీ వెనక చప్పుడైనప్పుడు నువ్వు అటు చూశావు. నేను చూడగలిగానా?"

"మరి ఎందుకు సార్ ఇదంతా?"

"నేను పిలిస్తే దేవ్‌షీ భాయ్ వస్తాడా? ధన్‌సుఖ్ పిలిస్తే వస్తాడా? అమ్మని ఎవరో నిలబెట్టి అడుగుతున్నారంటే మాత్రం ఏ కొడుకూ ఇంట్లో కూర్చోలేడు."

"ఒకవేళ ఆయన రాకుండా, నిజంగా ఆవిడే వచ్చుంటే?"

జోషీ సాహెబ్ జీపు అద్దం పైకెత్తి గట్టిగా బిగించుకున్నాడు.

"కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి," అన్నాడు. "వేలిముద్ర మాత్రం నువ్వు వేయించేదానివి."