పసుపు వేళ్ళు, బీరువాలో పుస్తకం

మా చిన్నప్పుడు... బడి బీరువా తాళం తీసేది ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజే. మిగతా ఏడాదంతా పుస్తకాలు అద్దాల వెనక, మేము బయట. బాల్కొండ దగ్గరి పల్లె మాది.

ఆ రోజు సారు మా అందరికీ తలా ఒక పుస్తకం పంచారు.

"ఆఫీసరు పోయేదాంక సదివినట్టు సూడుండ్రి. పేజీ నలిగిందో... తోలు తీస్త."

చదవమని కాదు, చదువుతున్నట్టు కనబడమని!

నాకు వచ్చింది అన్నిటికంటే సన్నది. ఇంతేనా అని మొహం మాడ్చుకున్నాను. తెరిచి చూస్తే చూపు పోయిన ఒక కుమ్మరి మళ్ళీ సారె ముందు కూర్చున్న కథ. చేసిన కుండ చేసినట్టే కూలిపోతోంది, ఊరు నవ్వుతోంది, ఆయన మళ్ళీ మట్టి పిసుకుతున్నాడు... నాకు చదువు రాదని సారు ఎప్పుడో తేల్చేశారు. అందుకేనేమో, ఆ కుండ నిలబడాలని ప్రాణం కొట్టుకుంది.

ఆఫీసరు జీపు కదిలిందో లేదో, "ఇయ్యుండ్రి, ఇయ్యుండ్రి" అంటూ సారు గుంజుకోవడం మొదలుపెట్టారు. నాకింకా పది పేజీలు మిగిలాయి. సంచిలో దాచేశాను.

ఇంటి దగ్గర పసుపు ఉడకబెట్టే రోజులు. కొమ్ములు ఏరుతూ ఏరుతూ, అదే చేత్తో రెండు పేజీలు తిప్పాను. అవ్వ కేకేసింది. మిగతాది పొద్దున చదువుదాంలే అనుకున్నాను.

పొద్దున బడిలో సంచులు వెతికారు. దొరికిపోయాను.

"ఏందే ఇది? పుస్తకమా, పసుపు కల్లమా? దొంగపోరి!"

ప్రార్థనలో అందరి ముందూ నిలబెట్టి, బాపును పిలిపించారు.

"సదువుకుందామనే గద సారూ తెచ్చుకున్నది... గిండ్ల తప్పేమున్నది?" అన్నాడు బాపు.

"ఖరాబైతే పైనోళ్లకు జవాబు నువ్విస్తవా?"

బాపు తల దించుకున్నాడు. అలా దించుకునేలా చేసిన సారును నేనిప్పటికీ క్షమించలేదు.

తర్వాత ఆ బీరువా మొత్తానికి చెద పట్టిందట. చెదపురుగును మాత్రం ఎవరూ ప్రార్థనలో నిలబెట్టలేదు!

పోయిన నెల నిజామాబాద్‌లో పాత పుస్తకాల కుప్పలో అదే పుస్తకం, ఇంకో ప్రతి కనబడింది. ఎండలో నిలబడే చివరి పేజీలు చదివాను. కుండ నిలబడింది... నాకు ఏడుపొచ్చింది. పది నిమిషాలు పట్టింది, అంతే. ఒక పిల్లకు ఆ పది నిమిషాలు ఇవ్వడానికి వాళ్ళకు చేతులు రాలేదు!

ఇప్పుడు మా అమ్మాయి ఏ పుస్తకం కావాలన్నా ఫోన్‌లో తెరుస్తుంది, అడిగేవాళ్ళు లేరు. ఆ భాగ్యం మాకు లేకపోయింది... మీ చేతిలోంచి కూడా ఎవరైనా మధ్యలో గుంజుకున్నారా? రాయండి. కోపంగానే రాయండి.