రుద్దుకోని మనిషి

విశ్వేశ్వరరావుగారు దెబ్బ తగిలిన చోట రుద్దుకోరు. మనిషన్నాక మోకాలు గోడకు తగిలితే చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోతుంది. ఆయన చెయ్యి పోదు. బంతి తొడకు తగిలినా, పక్కటెముకకు తగిలినా, మోచేతి మీద పడి అక్కణ్ణుంచి కీపర్ తలమీదుగా బౌండరీకి పోయినా, ఆయన చేతులు రెండూ బ్యాటు పిడి మీదే ఉంటాయి. నొప్పిని ఆయన వేరే దారిలో పంపిస్తారు. అంపైర్ వైపు తిరిగి చాలా మర్యాదగా, "టైమెంతయిందండీ?" అని అడుగుతారు.

స్కోరు రాసే ఉమాశ్రీ రెండు మూడు వారాల్లోనే ఆ మర్యాదను కొలవడం నేర్చుకుంది. ఒక 'అండీ' అంటే తొడ. రెండైతే పక్కటెముక. "టైమెంతయిందండీ, కాస్త చూసి చెప్పండీ, ఏమీ అనుకోకండీ" అంటే మోచెయ్యి. రెండో ఆదివారం ఒక బంతి సరిగ్గా బొటనవేలి గోరు మీద పడ్డప్పుడు, ఆయన టైము అడగడమే కాక అంపైర్ ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారా అని కూడా కనుక్కున్నారు.

అది తొంభై తొమ్మిది ఎండాకాలం. హైటెక్ సిటీలో అప్పటికి భవనాలకన్నా బండరాళ్ళే ఎక్కువ. ఉమాశ్రీ పనిచేసే కంపెనీలో మూడు వందలమంది ఇంజనీర్లు పగలూ సాయంత్రమూ కూర్చుని, రెండువేల సంవత్సరం రాగానే అమెరికా కంప్యూటర్లు తేదీ మర్చిపోకుండా చూస్తుండేవారు. ఉమాశ్రీది తప్పులు పట్టే విభాగం. ఏ తేదీ ఎక్కడ మారిందో వెతకడమే ఆమె ఉద్యోగం. ఆడపిల్లవు, చేతిరాత బాగుంటుంది అని క్రికెట్ జట్టువాళ్ళు ఆమె చేతికి స్కోరు పుస్తకమిచ్చారు. బ్యాటు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా తగ్గకుండా ఆ పుస్తకం చివరి పేజీల్లో ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో తనకోసం విడిగా రాసుకునేది.

విశ్వేశ్వరరావుగారిది తణుకు. వయసు యాభై రెండు. పాతికేళ్ళు కరెంటు లైన్ల పనిలో ఉండి, ఇప్పుడు కంపెనీ జనరేటర్లు చూసుకుంటున్నారు. కరెంటు పోయినప్పుడు మూడు వందలమందీ ఆయన పేరు తలుచుకునేవారు. వచ్చాక మర్చిపోయేవారు. ఆయన కళ్ళజోడు మీదనే స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని బ్యాటింగుకు వచ్చేవారు. దాని ముందు భాగానికి బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కిటికీ ఊచల్లాంటివి వెల్డింగ్ చేయించారు. నడిచి వస్తుంటే కిటికీ నడిచి వస్తున్నట్టుండేది.

ఇంత కవచం ఎందుకంటే, స్వామి కోసం.

స్వామి కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. కాంట్రాక్టు మనిషి. సిద్దిపేట దగ్గర పల్లె. అతని తండ్రి చంద్రయ్య రాయదుర్గం గుట్టల్లో రాళ్ళకు తూట్లు పొడిచే పనివాడు. కంపెనీ వెనకాల రాళ్ళగుట్టను మందు పెట్టి పేల్చి, చదును చేసి, మైదానంగా మార్చిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. మైదానం తయారవగానే కంపెనీ దాని ముందు 'ఉద్యోగులకు మాత్రమే' అని బోర్డు పెట్టింది. ఆ బోర్డు నిలబెట్టడానికి గొయ్యి తవ్విందీ చంద్రయ్యే.

ఒక సాయంత్రం బంతి గేటు దగ్గరికి దొర్లిపోతే స్వామి దాన్ని తీసి, నాలుగడుగులు పరుగెత్తి, విసరడానికి బదులు బౌలింగ్ చేశాడు. మధ్య వికెట్టు రెండు ముక్కలైంది. వికెట్టు ముందు బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్న కెప్టెన్ అవినాష్ "హూ ఈజ్ దిస్ గై?" అన్నాడు. రెండేళ్ళుగా పొద్దున్నే తనకు సెల్యూట్ చేస్తున్న మనిషి పేరు అతనికప్పుడు తెలిసింది.

తరువాతి ఆదివారమే స్వామిని ప్రాక్టీసు మ్యాచికి పిలిచారు. ఆ వేగాన్ని ఎదుర్కోవడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయాలు చూడాలి. ఒకతను తువ్వాళ్ళు, పరీక్ష అట్ట, ఆఫీసు కుర్చీ మెత్త చొక్కాలో కుక్కుకుని వచ్చి, వంగలేక నిలువునా పడిపోయాడు. ఒకతను స్వామి పరుగు మొదలుపెట్టగానే కళ్ళు మూసుకుని, బంతి కీపర్ చేతిలో పడ్డ చప్పుడు విని బ్యాటు ఊపేవాడు. ఇంకొకతనికి సరిగ్గా తన వంతు వచ్చేసరికి అమెరికా నుంచి ఫోను వచ్చేది, అక్కడ తెల్లవారకముందే. అవినాష్ మాత్రం బంతి చేయి వదలకముందే స్క్వేర్ లెగ్ అంపైర్ పక్కకు చేరి, ఇద్దరూ కలిసి వికెట్లు పడటం చూసేవారు. అలా పారిపోతుండగానే ఒక బంతి వెంటబడి మరీ అతని తొడకు తగిలింది.

అవినాష్ మూడురోజులు సెలవు పెట్టి, డాక్టర్ చీటీతో సహా హెచ్.ఆర్. మేనేజర్ బుల్లిబాబుకి ఫిర్యాదు ఇచ్చాడు. కమిటీ కూర్చుంది. జనరేటర్ల వాళ్ళ తరఫున విశ్వేశ్వరరావుగారు కూడా కమిటీలో ఉన్నారు. పదినిమిషాల్లో తేలాల్సిన సమావేశాన్ని ఆయన ఏదో మాట పట్టుకుని గంటన్నర సాగదీశారనీ, అందరికీ ఆకలేసి ఆయన చెప్పినదానికల్లా తలలూపి బయటపడ్డారనీ తరువాత క్యాంటీన్లో చెప్పుకున్నారు. తేలింది మాత్రం ఇది: ఆరు ఆదివారాలు గడువు. ఈలోగా స్వామి బంతివల్ల ఒక్క ఉద్యోగి గాయపడినా అతణ్ణి మైదానం నుంచే కాదు, గేటు నుంచి కూడా తీసేసి జీడిమెట్లలో ఏదో రసాయనాల ఫ్యాక్టరీ గేటుకు పంపేస్తారు. ఎవరూ గాయపడకపోతే ఆరో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు కంపెనీల కప్పు జాబితాలో అతని పేరు చేర్చి బుల్లిబాబు సంతకం పెడతాడు. కప్పు మ్యాచులు చూడటానికి సిటీలో ఒక లీగ్ క్లబ్బువాళ్ళు వస్తారు. స్వామికి కావలసింది వాళ్ళ కళ్ళు.

అప్పటినుంచీ విశ్వేశ్వరరావుగారు కిటికీ తగిలించుకుని రంగంలోకి దిగారు.

ఆయన ఆట మహా స్వార్థంగా ఉండేది. ఒక పరుగు తీయరు. తీస్తే రెండు, లేకపోతే లేదు. అవతలి కొసన ఎవరైనా ఒక పరుగుకు బయల్దేరితే చెయ్యెత్తి వెనక్కి పంపేవారు. దాంతో స్వామి వేసే ప్రతి ఓవరూ ఆయనకే వచ్చేది. అవుటయినా పోరు. మధ్య వికెట్టు గాల్లోకి లేస్తే తీరిగ్గా వెళ్ళి తెచ్చుకుని, తనే పాతుకుని, "ప్రాక్టీసే కదండీ" అని మళ్ళీ నిలబడేవారు. ఒక్కో ఆదివారం స్వామి ఆరు ఓవర్లు. ఆరార్లు ముప్పై ఆరు బంతులు. అందులో పది బ్యాటుకు, పది గాలికి, మిగతావి విశ్వేశ్వరరావుగారికి.

"పెద్దాయన యోగా చేస్తాడనుకుంటా, పెయిన్ తెలీదు" అన్నాడు అవినాష్. కాదు, ఏదో మొక్కు ఉందన్నారు ఇంకొకరు. ఉమాశ్రీకి రెండూ కాదనిపించింది. ఉత్త మొండితనం అనుకుంది. యాభైరెండేళ్ళ మగవాడు కుర్రాళ్ళ ముందు నేనింకా గట్టిగానే ఉన్నానని చూపించుకోవడం. సోమవారం పొద్దున ఆయన మెట్లెక్కుతుంటే బుల్లిబాబు కావాలని ఎదురొచ్చి, "ఒళ్ళెలా ఉందండీ?" అని అడిగేవాడు. "వజ్రంలా ఉందండీ, తమరి దయవల్లండీ" అనేవారు ఈయన. ఉమాశ్రీ మనసులో, రెండు అండీలు, పక్కటెముక, అని రాసుకునేది.

మూడో ఆదివారం స్వామే ఆగిపోయాడు. బంతి ఈయన కుడి మోచేతికి తగిలిన చప్పుడు బండరాళ్ళకు తగిలి తిరిగొచ్చింది. స్వామి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "సార్, జర మెల్లగ ఏస్త సార్. మీకు తాకుతుంటే నాకు మంచిగనిపిస్తలేదు" అన్నాడు.

విశ్వేశ్వరరావుగారు ఊచల్లోంచి అతన్ని చూశారు. అప్పటిదాకా ఆయనకు కోపం వస్తుందని ఎవరికీ తెలీదు.

"మెల్లగా వేసేవాళ్ళు ఆఫీసు నిండా ఉన్నారు. క్లబ్బువాళ్ళు నిన్నెందుకు చూడాలి? ఈ గుట్టని పగలగొట్టింది మీ నాన్న. ఆ బోర్డు సంగతి నాకొదిలెయ్. వెనక్కి నడిచి, ఆ బోర్డు దగ్గర్నుంచి పరుగెత్తుకు రా."

"సార్, మీకు నిజంగ నొప్పి లేస్తలేదా?"

"టైమెంతయిందో కనుక్కో ముందు" అన్నారాయన.

స్వామి బోర్డు దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ బంతి ఎవరికీ కనబడలేదు. ఉమాశ్రీ పుస్తకంలో 'ఎడమ భుజం' అని మాత్రం కనబడింది.

ఐదో ఆదివారం తరువాతి శుక్రవారం, కప్పు జాబితా కాగితం కోసం ఉమాశ్రీ కమిటీ ఫైలు తెరిచింది. పైనే కమిటీ తీర్మానం పంపిన పాత సర్క్యులర్ ఉంది. ఆరు ఆదివారాల సంగతి తెలిసిందే. దానికింద ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా: 'గాయం అంటే, దెబ్బ తగిలిన మనిషి ఆ చోటును చేత్తో రుద్దుకోవడం, పట్టుకోవడం, మందు పూసుకోవడం లేదా మైదానం వదిలి వెళ్ళడం. ఇవేవీ జరగనిచో గాయం కానట్టే లెక్క.' పక్కన బ్రాకెట్లో, 'నిర్వచనం ప్రతిపాదించినవారు: జె. విశ్వేశ్వరరావు.'

గంటన్నర సాగదీసిన మాట ఇదన్నమాట.

ఉమాశ్రీ ఉద్యోగమే తేదీలు వెతకడం కాబట్టి ఆమె కళ్ళు కాగితం పైకి పోయాయి. ఏప్రిల్ పదహారు. ఆమెకు పదిహేను గుర్తొచ్చింది. ఆ రోజు జనరేటర్ తలుపులో విశ్వేశ్వరరావుగారి బొటనవేలు నలిగింది. ఆయన పదినిమిషాలపాటు గదిలో గుండ్రంగా తిరుగుతూ వేలు రుద్దుకున్నారు, ఊదుకున్నారు, చంకలో పెట్టుకుని గెంతారు. మొదటి అంతస్తు నుంచి జనం దిగొచ్చి చూశారు. అంటే, ఏప్రిల్ పదిహేను దాకా ఆయన అందరిలాగే, నిజం చెప్పాలంటే అందరికన్నా ఎక్కువగా రుద్దుకునే మనిషి. మర్నాటి నుంచి ఆ మనిషి మారిపోయాడని మాత్రం ఎవరూ గమనించలేదు.

ఆమె కాగితం పట్టుకుని సరాసరి జనరేటర్ గదికి పోయింది. ఆయన ఒక భుజంతోనే స్పానర్ తిప్పుతున్నారు.

"ఇంట్లో అయినా మందు రాసుకోవచ్చు కదండీ" అంది.

"బుల్లిబాబుగారిది మా పై ఫ్లాటేనమ్మా. వాసన పైకి పోతుంది."

"ఎందుకండీ ఇదంతా?"

ఆయన స్పానర్ కింద పెట్టారు. "పాతికేళ్ళు లైన్ల మీద చేశాను. స్తంభం ఎక్కింది కాంట్రాక్టు కుర్రాళ్ళు. రిజిస్టర్‌లో పేరు నాది. ఒక్క కుర్రాడి పేరైనా కాగితమెక్కిస్తే ఎలా ఉంటుందో చూద్దామని." స్పానర్ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఎవరితోనూ అనకమ్మా. ముఖ్యంగా వాడితో. తెలిస్తే బంతి నెమ్మదిస్తాడు" అన్నారు.

ఆరో ఆదివారం బుల్లిబాబు స్వయంగా వచ్చాడు. జాబితా ఒక చేతిలో, పెన్ను ఒక చేతిలో, కళ్ళు మాత్రం విశ్వేశ్వరరావుగారి చేతుల మీద. ఉమాశ్రీ పెన్సిల్ కొరుకుతోంది. ముప్పై ఐదు బంతులయ్యాయి. ఇంకొక్కటే. స్వామి బోర్డు దగ్గర్నుంచి బయల్దేరాడు. బంతి నేలమీద పడి, ఎక్కడి రాతిముక్క తగిలిందో ఏమో, లోపలికి తిరిగి సూటిగా పక్కటెముకల్లోకి దూరింది.

అందరికీ వినబడింది. విశ్వేశ్వరరావుగారు సగానికి వంగారు. కుడిచెయ్యి బ్యాటు వదిలింది. బుల్లిబాబు ఒకడుగు ముందుకేశాడు. ఆ చెయ్యి నెమ్మదిగా లేచి, పక్కటెముకల దాకా వచ్చి, అక్కడ ఆగకుండా ఇంకా పైకి పోయి, ఊచల్లోంచి కళ్ళజోడు సర్దుకుంది.

"బుల్లిబాబుగారండీ, ఏమీ అనుకోకండీ, టైమెంతయిందండీ, కాస్త చెబుదురూ, మీకు పుణ్యముంటుందండీ" అన్నారు.

బుల్లిబాబు వాచీ చూసుకున్నాడు. "ఆరు ముప్పై."

"అయితే టైమయిపోయిందండీ. సంతకం పెట్టండి."

వేరే దారిలేక బుల్లిబాబు అవినాష్ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. పదకొండో పేరు, స్వామి. విశ్వేశ్వరరావుగారు దగ్గరికి వచ్చి ఆ పేరు రెండుసార్లు చదివారు. అక్షరదోషాలు లేవని తేల్చుకున్నారు. కిటికీ తీసి కింద పెట్టారు. బ్యాటు దాని పక్కన పడుకోబెట్టారు. మెల్లగా గడ్డి మీద కూర్చుని, "అబ్బా" అన్నారు.

ఇక మొదలుపెట్టారు. రెండు చేతులతో పక్కటెముకలు, తరువాత తొడ, తరువాత భుజం. అంత తృప్తిగా ఒక మనిషి రుద్దుకోవడం హైటెక్ సిటీలో అంతకుముందెవరూ చూడలేదు. స్వామికి అప్పటికి సంగతి అర్థమయింది. ప్యాంటు జేబులోంచి నొప్పులకు రాసే చిన్న మందు సీసా తీశాడు. జిందా తిలిస్మాత్.

"అమ్మ ఇచ్చింది సార్. ఫస్ట్ సండే నుంచి జేబులనే పెట్టుకొని తిరుగుతున్న. మీరు రుద్దుకుంటలేరు, ఇస్తే ఏమనుకుంటరో అని..." అని దాన్ని ఆయన చేతిలో పెట్టాడు.

మూత తీయగానే వాసన బుల్లిబాబు దాకా పోయింది. "అంటే ఇవన్నీ గాయాలేనాండీ?" అన్నాడతను.

"గాయాలేనండీ. తప్పకుండా రాసుకోండి. టైము మాత్రం ఆరు నలభై అని వెయ్యండి."

ఉమాశ్రీ స్కోరు పుస్తకం చివరి పేజీలు తిప్పింది. "సార్, మూడో ఆదివారం. కుడి మోచెయ్యి మిగిలిపోయింది."

"అవునమ్మోయ్, మర్చిపోయాను" అని ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నారు.