ఓడ తాత సమాధి

నా చిన్నప్పుడు, మేము నాచారం వచ్చాక జరిగిన మొదటి సమాధుల పండుగ నాడు, మా నాయనమ్మ నా చేతిలోని కొవ్వొత్తి తీసుకుని, గోడ పక్కన గడ్డి మొలిచిన ఒక మట్టిదిబ్బ మీద నిలబెట్టింది. "గిది మా నాయిన బొంద, కొడుకా. ఓడల మీద పనిజేసిన మా నాయిన" అని చెప్పింది. ఆ మాటను నేను యాభై ఏళ్లు నమ్మాను. నాతోపాటు మా తమ్ముడూ, మా పిల్లలూ నమ్మారు. ఆ దిబ్బ కింద ఉన్నది మా ఓడ తాత కాదని తేలేనాటికి నేను పత్రిక ఉద్యోగం నుంచి రిటైరై కూడా కొంత కాలమైంది.

మాది భువనగిరి దిక్కు పల్లె. పట్నం శివారు నాచారంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో మా నాన్నకు అక్కడ పని దొరికింది. మూటాముల్లె సర్దుకుని, నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చాం. చర్చి దొరికింది, బడి దొరికింది, పక్కింటివాళ్లు కూడా మంచివాళ్లే దొరికారు. లేనిది ఒక్కటే. మా వాళ్లెవరూ ఆ ఊరి మట్టిలో లేరు.

అది లోటని నవంబరు దాకా నాకు తెలియదు. సమాధుల పండుగ నాడు ఊళ్లోని క్రైస్తవ కుటుంబాలన్నీ మధ్యాహ్నమే బొందలగడ్డకు చేరతాయి. శ్మశానాన్ని మా వైపు అలాగే అంటారు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు గడ్డి పీకి, కడిగి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పొద్దు గూకేదాకా కూర్చుంటారు. పెద్దవాళ్లు పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటూ ఉంటే పిల్లలు ప్యాలాలు, బెల్లం తింటూ సమాధుల మధ్య తిరుగుతారు. ఆ పిల్లల్లో గొప్పతనానికి ఒక లెక్క ఉండేది. ఎవరి ఇంటికి ఎక్కువ సమాధులుంటే వాడు అంత పాతకాపు.

నా తరగతి పిల్లవాడొకడు నన్ను ఆపి, "మాకు మూడు బొందలున్నయ్. మీకెన్నిరా?" అని అడిగాడు.

"మాకు లెవ్వు" అన్నాను.

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏందిరా, మీ ఇంట్ల ఎవ్వరు సావరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. మా నాయనమ్మ దూరం నుంచి చూసింది. వాడిని తిట్టలేదు, నన్ను బుజ్జగించలేదు. మెల్లగా లేచి గోడ వెంబడి నడుచుకుంటూ పోయి, ఎవరూ కూర్చోని ఒక దిబ్బ దగ్గర ఆగి, వంగి కాసేపు మట్టి నిమిరింది. ఆ తర్వాతే నన్ను పిలిచి ఆ మాట చెప్పింది.

ఇద్దరం గడ్డి పీకాం. ఆమె చీర కొంగు నడుముకు బిగించి, బావి నుంచి నేను తెచ్చిన నీళ్లతో మట్టిని మెత్తి దిబ్బకు ఒక రూపు తెచ్చింది. మా పక్కింటి అక్క తన దగ్గర మిగిలిన సున్నం ఇచ్చింది. అప్పటికి ఆ అక్కకు లంగా ఓణీలు వేసుకునే వయసు. పని అయ్యాక నేను పరుగెత్తుకుంటూ పోయి నన్ను అడిగిన ఆ పిల్లవాడికి చెప్పాను, మా తాత ఓడ నడిపాడని. వాడు వెంటనే, "నాచారంల ఓడేందిరా? చెరువుల నడిపిండా?" అన్నాడు. అయినా నాకు కోపం రాలేదు. నాకూ ఒక సమాధి ఉంది.

ఆ సాయంత్రం నాయనమ్మ తన తండ్రి గురించి మొదటిసారి చెప్పింది. కరువు కాలంలో ఊరివాళ్లతో కలిసి బొంబాయి పోయాడట. అక్కడి నుంచి ఓడ ఎక్కాడట. ఇంటికి వచ్చినప్పుడు ఆయనకు మంచం మీద నిద్ర పట్టేది కాదట. మంచం ఊగడం లేదని విసుక్కుని నేల మీద పడుకుంటే నేల కూడా ఊగడం లేదని లేచి కూర్చునేవాడట. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి రంగు పూసల దండ తెచ్చి మెడలో వేసి మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాత సంగతి ఆమె చెప్పలేదు. సమాధి ఎదురుగానే ఉంది కదా, తిరిగి వచ్చాకే చనిపోయాడని మేము అనుకున్నాం.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ మాకు అక్కడ చోటు ఉంది. నాయనమ్మ పోయింది, తర్వాత నాన్న పోయాడు, వాళ్లిద్దరినీ అదే బొందలగడ్డలో లోపలి వరుసలో పెట్టాం. అయినా పండుగనాడు మొదటి సున్నం గోడ పక్క దిబ్బకే వేసేవాళ్లం. ఇంట్లో చెప్పుకోగా చెప్పుకోగా ఓడ తాత ఉద్యోగం కూడా పెరిగింది. నా చిన్నప్పుడు ఓడలో పనివాడు. మా పిల్లల నాటికి కెప్టెన్ అయ్యాడు.

రెండువేల తర్వాతి సంవత్సరాల్లో నాచారం, ఉప్పల్ గుర్తుపట్టలేనట్టు మారాయి. నేను చెంగిచెర్ల వైపు కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. నేను రిటైరైన తర్వాత ఒకనాడు చర్చి కమిటీ నుంచి కబురు వచ్చింది. రోడ్డు వెడల్పు కోసం బొందలగడ్డ గోడ లోపలికి జరపాలి. గోడ వెంబడి ఉన్న సమాధులను వెనక్కు మారుస్తారు. ఏ సమాధి ఎవరిదో కుటుంబంవాళ్లు రాతపూర్వకంగా చూపించాలి. చూపించినవాటికి విడిగా చోటు ఇస్తారు. ఎవరూ చూపించని వాటిని తవ్వి, దొరికినదంతా ఒకే గుంతలో కలిపి పూడుస్తారు.

జీవితమంతా ఇతరులు రాసుకొచ్చిన వార్తల్లో పేరు, ఊరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసి దిద్దినవాడిని. మా ఓడ తాత పేరేమిటో నాకు తెలియదని ఆ రోజే గ్రహించాను. మా తమ్ముడికీ తెలియదు.

ముందు భువనగిరి దిక్కు మా పల్లె చర్చికి పోయాను. అక్కడి అయ్యగారు పాత బీరువా తీసి, చెదలు తిన్నంత తిని వదిలిన రిజిస్టర్లు నా ముందు పెట్టాడు. రెండు పూటలు కూర్చుంటే నాయనమ్మ బాప్తిస్మం వివరం దొరికింది. తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, వృత్తి దగ్గర "ఓడ పని" అని ఉంది. ఆ పేరును నేను చాలాసేపు చూశాను. అంతకాలం తాత అని పిలిచిన మనిషికి అప్పుడు పేరు వచ్చింది. ఖననం రిజిస్టరులో మాత్రం ఆ పేరు లేదు.

మిగిలిన పనికి మా తమ్ముడి కూతురు పూనుకుంది. ఉప్పల్‌లో ఒక కంపెనీలో పనిచేసేది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు, బంద్ ఉంటే ఆఫీసు ఉండదు, ఆ రోజల్లా కంప్యూటరు ముందు కూర్చునేది. ఒక విదేశీ గ్రంథాలయం వాళ్లు పాత ఓడల సిబ్బంది కాగితాలను ఇంటర్నెట్లో పెట్టారట. వాటిలో వెతికి వెతికి ఒక ఆదివారం నాకు ఫోన్ చేసింది.

"పెద్దనాయనా, దొరికిండు. అదే పేరు, అదే తండ్రి పేరు, ఊరు గూడ మనదే. గని ఒక్కటి జెప్తె నువ్వు ఫీల్ గావద్దు."

"ఏంది?"

"మన తాత కెప్టెన్ గాదు. బాయిలర్ కాడ బొగ్గు ఏసేటోడు."

"బొగ్గు ఏయకపోతే కెప్టెన్ ఓడ ఎట్ల నడుపుతడే?" అన్నాను. ఆమె ఫోన్లోనే నవ్వింది.

ఆ ఓడ పేరు పట్టుకుని బొంబాయిలో ఓడ పనివాళ్ల వివరాలు చూసే కార్యాలయానికి రాశాం. నెలల తరబడి జవాబు లేదు. వచ్చిన జవాబు చిన్నదే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఒక ప్రయాణంలో, ఏడెన్ రేవు దాటిన తర్వాత, జ్వరంతో చనిపోయాడు. దేహాన్ని సముద్రానికి అప్పగించారు.

మా తమ్ముడి కూతురు ఆ కాగితం పట్టుకుని నా వైపు చూసింది. "అంటె ముత్తవ్వ మనకు అబద్దం జెప్పిందా?"

భువనగిరి దిక్కు మనిషి, బొంబాయి నుంచి ఓడ ఎక్కినవాడు, మా వాళ్లు ఒక్కరూ అడుగుపెట్టని కాలంలో నాచారం మట్టిలోకి ఎలా వచ్చాడని మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అడగలేదు. వేరే ఎవరైనా ఇలాంటి వార్త రాసుకొస్తే మొదటి వాక్యం దగ్గరే ఆపి అడిగేవాడిని.

ఆ మొదటి పండుగ రోజును చూసినవాళ్లలో మిగిలింది మా పక్కింటి అక్క ఒక్కతే. అప్పటికి చిల్కానగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. మోకాళ్లు పనిచేయవు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. నేను కాగితం చదివి వినిపిస్తే ఆశ్చర్యపోలేదు.

"గిప్పుడు తెల్సిందారా నీకు? పేపర్ల పనిజేస్తివి, నీకంటె ముందు నాకే ఎర్క" అంది.

"నీకెట్ల తెల్సు అక్కా?"

"సున్నం డబ్బ వట్టుకొని మీ నాయనమ్మ ఎనకాలనే నిలవడ్డ గద. ఆమె నన్ను సూడలే. వంగి, మట్టి మీద చెయ్యివెట్టి మాట్లాడింది. 'నువ్వెవరివో నాకెర్క లేదు. నీకు ఎవ్వరు వస్తలేరు, మా నాయిన యాడున్నడో నాకు తెల్వదు. జర మా నాయిన లెక్క ఉండు. నీకు మేముంటం' అన్నది. గంతే. అటెన్క నిన్ను పిలిచింది."

"గిన్నేండ్లు నాకెందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె? నువ్వు ఊరంత తిరుక్కుంట మా తాత బొంద, మా తాత బొంద అని మురుస్తివి."

నన్ను ఓదార్చడానికి నాయనమ్మ కథ చెప్పిందనే, ఆ కాగితం వచ్చినప్పటి నుంచి అనుకుంటూ వచ్చాను. ఆమెకు మాత్రం అది కథ కాదు. తండ్రి తిరిగి రాని పిల్ల ఆమె, ఎవరూ రాని సమాధితో ఒక ఒప్పందం చేసుకుంది. అందులో ఆ మట్టి తన వంతు యాభై ఏళ్లు నిలబెట్టుకుంది. మిగిలింది మా వంతు. "నీకు మేముంటం" అన్న ఆ "మేము"లో నేనున్నాను.

చర్చి కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఇది సులభంగా తేలలేదు. కమిటీ పెద్ద నాకు చిన్ననాటి నుంచి తెలిసినవాడే. నా దగ్గరున్న కాగితాల్లో పేరు ఉంది, ఊరు ఉంది, "మా తాత" అని రాసి సంతకం పెడితే పని అయిపోతుంది.

"పెట్టు మామ సంతకం. ఎవడడుగుతడు?" అన్నాడు.

"ఈడున్నది మా తాత గాదని తెల్సినంక ఎట్ల పెడుత?"

"పెట్టకపోతే గుంతల కలుపుడే మరి. రూలు రూలే. పేరు లేనిదానికి నేను చోటిస్తె రేపు అందరొస్తరు."

"రానియ్యి. వస్తె మంచిదే గద" అన్నాను. అతనికి కోపం వచ్చింది. ఉన్న జాగా ఎంతో నీకు తెలుసా అని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. అతని లెక్కలో తప్పు లేదు.

అంతవరకు వింటూ కూర్చున్న పాస్టరు నా వైపు తిరిగి, "ఏడాదేడాది దానికి సున్నం ఎవరేస్తున్రు?" అని అడిగాడు.

"మేమే."

"గడ్డి?"

"అదీ మేమే."

"మరింకేంది" అని కమిటీ పెద్దకు కలం అందించాడు. పెద్ద కాసేపు గొణిగి, పేరు దగ్గర "తెలియదు" అని రాసి, చూసుకునేవాళ్లు అన్నచోట మా ఇంటి పేరు రాశాడు. ఆ కాగితం మీద నేను సంతోషంగా సంతకం పెట్టాను.

తెలంగాణ వచ్చిన ఏడాది, వానలకు ముందు ఒక ఉదయం ఆ దిబ్బను తవ్వారు. కొంచెం మట్టి, దానిలో కలిసిపోయిన కొన్ని ముక్కలు దొరికాయి. మా తమ్ముడి కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి, తెల్లగుడ్డ పరిచి పట్టుకుంది. వెనక వరుసలో పెట్టి ఒక చిన్న రాయి నిలబెట్టాం. మా నాయనమ్మ రాతి మీద ఆమె పేరు కింద ఆమె తండ్రి పేరు, "ఓడ పనివాడు" అన్న మాట చెక్కించాం. పక్కింటి అక్క మెట్లు దిగలేక రాలేదు. ఫోన్లో మాత్రం అన్నీ అడిగి తెలుసుకుంది.

పత్రికలో నేను నేర్చుకున్నది, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదని. తెలియనివాళ్లను కూడా మనవాళ్లుగా చూసుకోవచ్చని నేర్పింది మా నాయనమ్మ. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఆ కమిటీ గదిలో కాసేపు భయపడ్డాను. అవి రెండూ ఒకే కాగితం మీద పట్టాయి. ఇప్పుడు సున్నం పని మా మనవలది. ఇది మన తాతది కాదని వాళ్లకు ముందే చెప్పాం. అయినా మొదటి కొవ్వొత్తి అక్కడే పెడతామని వాళ్లే పోటీ పడతారు.

ఆ బొందలగడ్డలో తొలి రోజుల్లో ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసిపెట్టిన కాగితాలేవీ దొరకలేదు. గుంతలు తవ్విన పాత మనుషులు ఎప్పుడో పోయారు. కబురు పంపినప్పుడు గానీ, ఆ తర్వాత గానీ ఆ సమాధి మాదని ఎవరూ రాలేదు. అక్కడ ఉన్నది మగమనిషో ఆడమనిషో కూడా మాకు తెలియదు.