చాచా మూసిన రంధ్రాలు

దబీర్‌పురాలో టార్పాలిన్లు కుట్టే చాచా ప్రతి కుట్టుకూ చెంప ఆనించి చూసేవాడు. గాలి తగిలితే విప్పి మళ్లీ కుట్టేవాడు.

గాలిమెత్త మీద తేలుతూ నీళ్లు దాటి, సరుకుతో సహా ఇసుకతీరం ఎక్కే పడవ నా డిజైన్. ఫ్యాన్ గాలిని పట్టి ఉంచేలా దాని చుట్టూ ఉండే రబ్బరుగుడ్డ సంచిని చాచాయే కుట్టాడు.

చివరి పరీక్షలో పడవ చెరువు దాటింది, ఇసుక ఎక్కలేక కూలబడింది. కొనడానికి వచ్చినవాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు. సంచి నిండా నీళ్లు. అవి కారిపోవడానికి అడుగున నేను వదలమన్న రంధ్రాలన్నీ మూసి ఉన్నాయి.

"ఎందుకు మూసిన్రు చాచా?"

"నువ్వు తప్పు గీసినవనుకున్న బేటా. నీ ఇజ్జత్ పోవద్దని నేనే కుట్టిన."

ఆ రంధ్రాలు దేనికో ఆయనకు చెప్పాలని నాకు ఒక్కనాడూ తోచలేదు.

చాచా కత్తెర తీసి తన కుట్లు తానే కోశాడు. నీళ్లన్నీ కారిపోయాక ఫ్యాన్ వేయమన్నాడు. ఒక్కో రంధ్రం దగ్గరా చెంప పెట్టాడు. గాలి తగిలింది. జీవితంలో మొదటిసారి, తగిలినందుకు నవ్వాడు.

"ఇగ మంచిగ ఎక్కుతది. వాళ్లను పిలువు బేటా."

జీపు వెళ్లిన దారిలో దుమ్ము కూడా అణిగిపోయింది. అయినా నేను ఆ దారి వెంట పరుగెత్తాను.