తాళం వేసిన గదిలో పాత చక్రాలు

పోయిన ఏడాది దసరా గురువారం వచ్చింది. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేను రెండు మోటారు సైకిల్ చక్రాలకు బొట్టు పెట్టాను. ఇదంతా అక్కడ మొదలైందని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు అనుకోలేదు.

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. వరంగల్‌లో ఒక చేనేత సంఘంలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు రాశాను. ఎవరైనా ఏదో చూశామంటే ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, వెలుతురు ఎటువైపు ఉంది అని అడిగేదాన్ని. మూడో ప్రశ్నకు చాలామంది లేచి వెళ్ళిపోయేవారు. అందుకే ఇది రాస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది.

మా ఆయనకు డెబ్బై ఒకటి. ఆయన దగ్గర పాత బండి ఒకటుంది, దూరప్రయాణాలకు చేసిన పెద్ద బండి. నన్ను వెనుక కూర్చోబెట్టుకొని భద్రాచలం, శ్రీశైలం, ఒకసారి నాందేడ్ దాకా తిప్పాడు. అంతకు ముందు ఏడు ఎండాకాలంలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మలుపులో కంకర మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో రాడ్డు వేశారు. ఇంకోసారి పడితే మంచం దిగడని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

మా బిడ్డ వచ్చి, "బాపూ, అమ్మెయ్ ఆ బండిని," అన్నది.

"మనిషి జారలే బిడ్డా, టైరు జారింది. సన్న టైరు. వెడల్పుది వేయిస్త," అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. ప్రతి ఆదివారం పరకాలలో ఉన్న వాళ్ళ అక్కను చూసి రావాలి, అదీ బండి మీదనే. బస్సులో పొమ్మంటే ముఖం తిప్పుకునేవాడు. చివరికి కొత్త రిమ్ములు, వెడల్పు టైర్లు తెప్పించాడు. స్పోకులు లేని రకం, ట్యూబు అక్కరలేనివి.

మెకానిక్ యాకూబ్ మా వీధి చివరే ఉంటాడు. దసరాకు ముందు రోజు పాత చక్రాలు ఊడదీశాడు. కొత్త వెనక టైరు చైన్‌కు తాకుతున్నది. ఇరుసుకు రెండు పక్కలా బుష్‌లు, అంటే చిన్న ఇనుప గొట్టాలు, లేతు మీద చేయించాలి, ముందు మడ్‌గార్డ్ పైకి లేపాలి అన్నాడు. లేతు షాపు పండుగకు మూసేశారు. బండి చక్రాలు లేకుండా యాకూబ్ షెడ్డులో స్టాండు మీద నిలబడింది. పాత చక్రాలు ఆటోలో ఇంటికి వచ్చాయి.

మా ఇండ్లలో దసరాకు మగ్గానికి, కత్తెరకు, బండికి పూజ చేస్తాం. పొద్దున్నే మా ఆయన గొడవ పెట్టుకున్నాడు.

"బండికి పూజ ఎట్ల?"

"షాపుకు తాళం ఉన్నది. చక్రాలకు చేస్త, చాలదా?"

"అయ్యో, పీకి పడేసినవాటికా!"

"ఏడాదంతా పనిచేసినయి అవే కద," అన్నాను.

రెండు చక్రాలనూ నేనే కడిగాను. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళు పుల్లతో తీశాను. పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, ఒక్కోదాని కింద నిమ్మకాయ పెట్టాను. పెడుతూ, "ఇంక ఈ మనిషిని పడెయ్యకండి," అన్నాను. అలవాటుగా నోటికి వచ్చిన మాట, అంతే.

సోమవారం కొత్త చక్రాలు బిగించారు. వాటికీ పూజ చేద్దామంటే, "ఒక్క బండికి ఎన్నిసార్లు చేస్తవే?" అని నవ్వి వెళ్ళిపోయాడు. పాతవి వెనక గదిలో గోడకు ఆనించి తాళం వేశాను. ఒకప్పుడు అది మా మగ్గాల గది. కిటికీకి జాలీ ఉంది. తాళంచెవులు రెండూ నా దగ్గరే ఉంటాయి.

రెండో ఆదివారం పరకాల నుంచి వచ్చి, వెనక టైరుకు ఏదో గుచ్చుకున్నట్టు అనిపించిందన్నాడు. యాకూబ్ తిప్పి తిప్పి చూశాడు, ఏమీ లేదు. మర్నాడు నేను చాట కోసం వెనక గది తీశాను. పాత వెనక చక్రంలో గాలి లేదు. టైరులో మేకు దిగి ఉంది. తుప్పు పట్టని కొత్త మేకు. నేను కడిగినప్పుడు అది లేదు. అయినా నా చూపు తప్పిందేమో అనుకున్నాను.

అక్టోబరు చివర ముసురు పట్టింది. ఆ వానలో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్ళి వచ్చాడు. దారంతా బురదే అన్నాడు గానీ బండి టైర్లు ఉత్త తడిగా ఉన్నాయి. నాకు ఎందుకో వెళ్ళి చూడాలనిపించింది. గది నేల పొడిగా ఉంది. పాత టైర్లు రెండింటికీ నల్లరేగడి మెత్తుకొని ఉంది. వేలు పెడితే దిగింది.

మా ఆయనను పిలిచి చూపించాను. "ఎలుకలు తొక్కినయేమో," అన్నాడు.

"ఏ ఎలుక ఘన్‌పూర్ దాకా పోయొచ్చింది?"

"నీ లెక్కల పుస్తకం అడుగు," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. ఇంటి కప్పు చూశాను, కారలేదు. తాళం చూశాను, ఎవరూ కదిలించలేదు. మళ్ళీ ఏమైనా మారితే తెలుస్తుందని చక్రాలను తూకానికి వేద్దామా అనుకొని ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పలేను.

కార్తీకం వెళ్ళిన తరువాతి ఆదివారం. ఎండ బాగా ఉంది. నేను వాకిట్లో కందిపప్పు చెరుగుతున్నాను. వెనక గదిలో పెద్ద చప్పుడయింది, ఇనుప బీరువా పడ్డట్టు. గడియారం చూశాను, నాలుగు దాటి పది నిమిషాలు. తాళం తీశాను. ముందు చక్రం గది మధ్యలో పడి ఉంది. రిమ్ము ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది. స్పోకులు తెగి నేలంతా పడ్డాయి. టైరు చీలింది.

అక్కడే కూర్చున్నాను. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. మంచం దిగడన్న డాక్టర్ మాట తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

ఐదు దాటాక బండి చప్పుడు వినిపించింది. దిగి, నీళ్ళు తాగి, గోడకు ఆనుకున్నాడు. పరకాల దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఎండపోశారట. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి వడ్ల అంచుకు పోయాడు. కింద పరిచిన పరదా కొనలు లేవకుండా పెట్టిన బండరాయి వడ్ల కింద ఉంది. ముందు చక్రం దాని మీదికి ఎక్కింది.

"ఎగిరిన. పోయిన అనుకున్న. మళ్ళ చూస్తే బండి సక్కగ పోతాంది," అన్నాడు.

"ఎన్ని గంటలకు?"

"నాలుగు దాటింది. అక్క ఇంట్ల చాయ్ తాగి అప్పుడే బయలెల్లిన."

నేను గది చూపించాను. ఈసారి ఎలుకల మాట తేలేదు.

మర్నాడు యాకూబ్ కొత్త చక్రం ఊడదీసి చూశాడు. రిమ్ముకు గీత కూడా లేదు. తరువాత గదిలోకి వచ్చి పాత రిమ్మును అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, ఇది ఊకె పడితే అయ్యే సొట్ట కాదు. జోర్‌గ పోతూ రాయికి కొట్టింది. దీన్ని నడిపినోడు దవాఖానల ఉన్నాడా?"

"ఎవ్వరూ నడపలేదు," అన్నాను. యాకూబ్ చేతులు తుడుచుకొని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి మా ఆయన పరకాలకు బస్సులో పోతున్నాడు. పాత స్పోకులు తుప్పుతో తెగుతాయని, పాత రబ్బరు దానంతటదే చీలుతుందని నాకు తెలుసు. చప్పుడైన సమయం కలవడం యాదృచ్ఛికమని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ తాళం వేసిన గదిలో రిమ్ము ఎలా నొక్కుకుపోయిందో ఎంత ఆలోచించినా తేలలేదు. తేలిందని రాయలేను.

నష్టం మాత్రం లెక్క కట్టగలను. ముందు రిమ్ము ఒకటి. స్పోకులు పదకొండు. ముందు టైరు ఒకటి, ట్యూబులు రెండు. మా ఆయన కుడికాలి చెప్పు ఒకటి, అది ఆ వడ్ల దగ్గర పడిపోయిందట.