సీలు కవరుకు జిరాక్స్

ఆ రోజుల్లో తార్నాకలో ఏ కాగితానికీ ఒక్క పుట్టుక సరిపోయేది కాదు. రెండో పుట్టుక మా మెషీన్లో జరిగేది. యూనివర్సిటీ క్యాంపస్‌కు పోయే దారిలో ఉన్న ఆ జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. తొమ్మిదో తరగతి మధ్యలో బడికి టాటా చెప్పిన నేను (బడి కూడా పెద్దగా ఏడవలేదు) పీహెచ్‌డీ పుస్తకాలకు అట్టలు వేసేవాణ్ణి. ఎంత పెద్ద పండితుడైనా నా ముందు నిలబడి "అన్నా, జర జల్ది" అనాల్సిందే. దాంతో నాకు కొంచెం తల తిరిగింది (ఇప్పటికీ పూర్తిగా కుదురుకోలేదని మా ఆవిడ అంటుంది). మా సేటుది ఒకటే సిద్ధాంతం: "జిరాక్స్ తియ్యకుంట ఏ కాయితం గూడ దుకాణం దాటొద్దు. పోయినంక ఏడిస్తే ఒరిజినల్ వస్తదా?" ఆయన తన పెళ్లిపత్రికకు కూడా రెండు వైపులా కాపీ తీసి దాచుకున్నాడు.

అలాంటి దుకాణానికి ఒకరోజు మా లెక్కల టీచర్ వచ్చారు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవారు, మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు బడిలో చెప్పేవారు. నేను బడి మానడానికి ఉన్న కారణాల్లో ఆవిడ సబ్జెక్టుదే మొదటి ర్యాంకు. నన్ను చూడగానే గుర్తుపట్టి, "హోంవర్క్ నోట్‌బుక్ ఇంట్ల మర్చిపోయిన, తెస్తనని పోయినవ్. దొరికిందారా?" అన్నారు. ఆవిడకు న్యూజిలాండ్‌లోని ఒక బడి ఉద్యోగం ఇస్తానంది. అయితే అక్కడి టీచర్ల బోర్డు ఆవిడ బీఈడీని బీఈడీయేనని ఒప్పుకోవాలి. అందుకు మార్కుల వివరాలన్నీ యూనివర్సిటీ వాళ్లే కవర్లో పెట్టి, అంటించి, మూత మీద సంతకం చేసి, ముద్ర కొట్టి ఇవ్వాలి. మూత తెరిచినట్టు కనిపిస్తే బోర్డు తీసుకోదు. పన్నెండేళ్లు మా వంటి వాళ్లను బెంచీల మీద కూర్చోబెట్టిన మనిషికి పాఠం చెప్పడం వచ్చా అని వాళ్లకు అనుమానం! మా బీ సెక్షన్‌ను ఒక్క పూట న్యూజిలాండ్ పంపితే ఆవిడకే కాదు, మా ప్యూనుకు కూడా సర్టిఫికెట్ ఇచ్చి పంపేవాళ్లు.

ఆ కవరు కోసం టీచర్ అయిదు వారాలు క్యాంపస్ చుట్టూ తిరిగారు. అక్కడి క్లర్కుకు మా దుకాణంలో 'రేపుసారు' అని పేరు. ఏ రోజు వెళ్లినా, ఏం అడిగినా "రేపు రా అమ్మా" అనేవాడు. మొత్తానికి ఒక రేపు నిజంగానే వచ్చింది, కవరు చేతికొచ్చింది. నెలాఖరులోగా అది న్యూజిలాండ్ చేరకపోతే బోర్డు ఫైలు మూసేస్తుంది, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. కొరియర్ అతను రోజూ సాయంత్రం మా దుకాణానికే వచ్చేవాడు కాబట్టి, మర్నాడు పొద్దున టీచర్ పరుగున వచ్చి కవరు నా చేతిలో పెట్టారు. "పైలం రా. గిదొక్కటే ఉన్నది. నాకు ఫస్ట్ పీరియడ్ ఉన్నది" అంటూనే ఆటో ఎక్కేశారు.

ఒక్కటే ఉన్నదా! సేటు సిద్ధాంతం చెవిలో మోగింది. కవరు మీద 'తెరవరాదు' అని ఇంగ్లీషులో ఉంది, అంత ఇంగ్లీషు నాకూ వచ్చు. కానీ అది జనం కోసం రాసింది. జిరాక్స్ వాళ్లు డాక్టర్ల వంటి వాళ్లు, అన్నీ చూస్తారు, ఎవరికీ చెప్పరు. పక్కనున్న ఇరానీ హోటల్లో చాయ్ మరుగుతుంటే ఆ ఆవిరి మీద కవరు పట్టి, చిరుగు పడకుండా మూత లేపాను. కాపీలు చక్కగా తీశాను. ఫెవికాల్ పెట్టి అంటించాక గానీ చూసుకోలేదు: ఆవిరికి ముద్ర ఉబ్బి జిలేబీ అయింది, సంతకం ఒక సగం ఇక్కడ, ఇంకో సగం మెట్టు దిగి అక్కడ.

సాయంత్రం కొరియర్ కంటే ముందు టీచరే వచ్చారు.

"గిదేందిరా?"

"కవర్ టీచర్."

"తెరిచినవా?"

"జిరాక్స్ తీసిన. మీరే ఒక్కటే ఉన్నదన్నరు గద టీచర్. ఇప్పుడు రెండున్నయ్."

తిడతారనుకున్నాను. తిట్లయితే నాకు అలవాటే. టీచర్ స్టూలు మీద కూలబడి, "ఇంక పన్నెండు దినాలే ఉన్నయ్ రా" అని మెల్లగా అన్నారు. జీవితంలో మొదటిసారి ఆవిడ లెక్క నాకు వెంటనే అర్థమైంది.

మర్నాడు ఇద్దరం రేపుసారు ముందు నిలబడ్డాం. ఆయన కవరును వెలుతురుకు పట్టి చూశాడు, వాసన కూడా చూశాడు. "చాయ్ వాసనొస్తున్నది. ఎవరు తెరిచిన్రు?"

"నేనే సార్. ఆమెది తప్పులేదు."

"మళ్ల కొత్తగ అప్లై చెయ్యాలె. ఇంకో నెల అయితది."

"తప్పు నాది సార్, నా మీద రాసుకోండ్రి."

"అయితే రాసియ్యి. నీ చేత్తోని రాసియ్యి."

తెల్లకాగితం ముందు కూర్చుని టీచర్ వైపు దీనంగా చూశాను. "నేను చెప్పను. నువ్వే రాయి" అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు, అచ్చం పరీక్ష హాల్లో లాగా. చెమటలు కక్కుతూ రాశాను: "గౌరవనీయులైన సార్ గారికి. కవరు తెరిచింది నేను. చింపలేదు, ఆవిరి పెట్టాను. లోపల ఏమీ చదవలేదు. చదివినా నాకు అర్థం కాదు, దీనికి టీచర్ గారే సాక్షి. ఆమె మంచిగా చెప్పింది, నేనే మంచిగా వినలేదు. నా సర్టిఫికెట్ రద్దు చేద్దామంటే నా దగ్గర ఒక్కటి కూడా లేదు. దయచేసి వేరే శిక్ష చూడండి. ఆమె కాగితం మాత్రం ఆపకండి."

ఇవ్వబోతూ ఆగి, "ఒక్క నిమిషం సార్, జిరాక్స్ తీసుకొనొస్త" అన్నాను. సెక్షన్ మొత్తం గొల్లున నవ్వింది. నేను కాపీ తీసి తెచ్చి ఇచ్చాక రేపుసారు నా ఉత్తరం పైకి చదివాడు. పక్క టేబుల్ వాళ్లను పిలిచి మళ్లీ చదివాడు. మూడోసారి లోపల ఆఫీసర్‌కు చదివి వినిపించి, వస్తూ వస్తూ ఆయన సంతకం కూడా తెచ్చాడు. "కూసోండమ్మా. గియ్యాలనే ఇస్త" అన్నాడు. ('ఇవాళే' అన్న మాట ఆయన నోట విన్నవాళ్లం లోకంలో మేమిద్దరమే అనుకుంటాను.) నా కాపీ మీద 'అందినది' అని యూనివర్సిటీ ముద్ర ఠపీమని కొట్టి ఇచ్చాడు.

కొత్త కవరును టీచర్ ఈసారి నా చేతికివ్వలేదు, కొరియర్ ఆఫీసుకు స్వయంగా పట్టుకుపోయారు. పోయేముందు నా కాపీ లాక్కుని, చదివి, బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి మూలన 35 అని వేసి, చుట్టూ సున్నా చుట్టారు. "పాస్" అన్నారు. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి గానీ, మార్కులు మాత్రం పెరగలేదు.

ఆ కాగితం లామినేషన్‌తో ఇప్పుడు నా సొంత దుకాణంలో మెషీన్ పైన వేలాడుతోంది. పిల్లలు ముద్ర చూసి "అన్నా, ఇది ఏం కోర్సు?" అంటారు. మొన్న టీచర్ న్యూజిలాండ్ నుంచి వీడియో కాల్ చేస్తే, అంత బాగా రాసినా ముప్పై అయిదే ఎందుకు వేశారని ఇన్నేళ్లకు అడిగాను. "ముప్పై ఆరేస్తే నీకు పొగరెక్కుతుండె" అన్నారు. ఇప్పుడు ఎవరైనా సీలు కవరు తెస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని "నాకియ్యకండి" అంటాను. కానీ వాళ్లు అటు వెళ్లగానే పైనున్న ఉత్తరం వైపు చూస్తాను. ఆ చెమట చేతుల కుర్రాడు నాకంటే ధైర్యవంతుడు. వాడికి ఇంకో అయిదు మార్కులు వేయొచ్చు.